జెండా కప్పిన నవల: పోటీ న్యాయనిర్ణేతలకు బహిరంగ లేఖ

నవలల పోటీ న్యాయనిర్ణేతలకీ, నిర్వాహకులకీ,

అయ్యా, అమ్మా, నమస్కారం.

ఈ ఏడు మీరు మొదటి బహుమతి ఇచ్చిన నవల గురించి ఈ ఉత్తరం. దాని పేరు రాయను. రాసిన అబ్బాయి చిన్నవాడు, ఇది అతనికి తొలి నవల. నా తగువు అతనితో కాదు. దాన్ని అందరికన్నా ముందు చదివి, బాగుందని తేల్చి, ఉత్తరాంధ్ర సైనిక కుటుంబాల గుండెచప్పుడని అట్ట వెనక రాసి సంతకాలు పెట్టిన మీతో.

నేనెవరో చెప్పుకోవాలి. శ్రీకాకుళం జిల్లా తీరాన ఉద్దానంలో తపాలా శాఖలో పనిచేసినవాణ్ణి. ఈడీ ఏజెంటుగా, అంటే శాఖలో పర్మినెంటు కాని పల్లె తపాలా మనిషిగా సైకిలెక్కి, సబ్ పోస్టుమాస్టరుగా దిగాను. కొబ్బరితోటల మధ్య ఆ ఇసక దారుల్లో సైకిలు తొక్కిన దూరం కన్నా తోసిన దూరమే ఎక్కువ. నా సంచీలో మిలటరీ ఉత్తరాలు, మిలటరీ మనీయార్డర్లు ఎప్పుడూ ఉండేవి. అందుకని శ్రీకాకుళంలో జరిగిన మీ సభలో ఒక జవాను, అతని భార్య, 1971 యుద్ధం, ఉద్దానం పల్లె అని వినగానే ఆవేళే పుస్తకం కొనుక్కున్నాను. మూడువందల యాభై రూపాయలు. పింఛను మీద బతికేవాడికి అది ఆలోచించి పెట్టే ఖర్చేనండి.

చదవనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. ఊరి కుర్రాడు మద్రాసు రెజిమెంటులో చేరతాడు. సెలవుకొచ్చినప్పుడు ప్రేమించిన పిల్లనే పెళ్ళాడతాడు. నెలా పది రోజుల కాపురం. యుద్ధం వస్తుంది. ఢాకా లొంగిపోవడానికి ముందురోజు చనిపోతాడు. జెండా కప్పిన పెట్టె ఊరికొస్తుంది. ఆ అమ్మాయి నూరు పేజీలు ఏటి ఒడ్డున కూర్చుని జ్ఞాపకాలు తవ్వుకుంటుంది. ఆఖర్న మరిది వచ్చి చెయ్యందిస్తాడు, కొబ్బరాకులు గలగలమంటాయి, అది పోయినవాడి దీవెన అని మనం అనుకోవాలి. సమాప్తం.

ముందు చిల్లర సంగతులు. నవంబరు 1971లో కథానాయకుడు రాసిన ఉత్తరం మీద ఊరి పేరు కింద ఆరంకెల పిన్ కోడ్ ఉంది. పిన్ కోడ్ మన దేశంలో పుట్టిందే 1972 ఆగస్టు 15న. పోస్టాఫీసులో జీవితం గడిపినవాడి కన్ను ముందు అక్కడే పడుతుంది, ఏం చెయ్యను? పరామర్శకి ఎమ్మార్వో గారు జీపులో వస్తారు. మండలాలు వచ్చింది 1985లో. అప్పట్లో మాకు తాలూకా, తాసిల్దారు, సమితి. డిసెంబరు నెలలో నాయిక మోకాటిలోతు బురదలో ఊడ్పు ఊడుస్తుంటుంది, అంటే వరినాట్లు వేస్తుంటుంది. ఆ నెలలో మా పొలాలు కోతలై ఎండి పగుళ్ళిచ్చి ఉంటాయి, వరి కుప్పలేసే రోజులవి. సరిగ్గా రాసినవీ ఉన్నాయి, అవీ చెప్పాలి. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో శిక్షణ సరే. 'వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు' అన్న రెజిమెంటు నినాదం సరే. కొడుకుని కోరుకొండ సైనిక్ స్కూల్లో వెయ్యాలన్న ఆలోచన సరే, ఆ బడి 1962 నుంచీ ఉంది.

ఇవన్నీ పెన్సిలు పట్టుకుని ఒక పూట కూర్చుంటే దిద్దుకుపోయే తప్పులు. ఇంతవరకే అయితే అబ్బాయికి ఒక కార్డుముక్క రాసి ఊరుకునేవాణ్ణి. నన్ను నిరాశపరిచింది వేరు. ప్రేమ అని, దుఃఖం అని, యుద్ధం అని మూడు పెద్ద పేర్లు పెట్టుకుని, ఆ మూడూ మా ఇళ్ళల్లో ఏ దారిన వచ్చాయో ఆ దారుల్లో ఒక్కదాంట్లోనూ నవల అడుగుపెట్టలేదు.

ప్రేమ సంగతే చూడండి. పుస్తకంలో పదిహేడు ఉత్తరాలున్నాయి. అన్నిట్లోనూ వెన్నెల, చందమామ, కనురెప్పలు. ఇటునుంచి ఆమె కూడా అదే భాషలో జవాబు రాస్తుంది. ఆమె అయిదో తరగతి చదివిందని రచయితే చెప్తాడు, ఆ సంగతి ఉత్తరాల దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాడు. చదువురాని ఇల్లాళ్ళకి వచ్చిన ఉత్తరం చదివిపెట్టడం, జవాబు రాసిపెట్టడం రూల్సులో లేకపోయినా ఆ రోజుల్లో పోస్టుమ్యాన్ పనిలో భాగమే. అలా నేను రాసిపెట్టినవాటిలో వెన్నెల ఎప్పుడూ రాలేదండి.

ఎలా ఉండేదంటే, వీధి అరుగుమీద నేను. పక్కన అత్తగారు జీడిపిక్కలు కొట్టుకుంటూ. నులకమంచం మీద మామగారు. తలుపు వెనక కోడలు. చెప్పేది ఆవిడ, వినేది ఇంటిల్లిపాదీ. 'ఆవు ఈనింది, పెయ్యదూడ. మీ అయ్యకి దగ్గు తగ్గింది. నువ్వంపిన డబ్బులు ముట్టినాయి, షావుకారికి వడ్డీ కట్టీసినాం. పెరట్లో పనస కాసింది.' ఇంకేటి రాయమంటావమ్మా అని నేనడిగేవాణ్ణి. తలుపు వెనక కాసేపు మాటుండేది కాదు. ఓసారి ఒక కోడలు చెప్పింది: 'నీ సొక్కా మేకుకి అలగే ఉన్నాది అని రాయి బావూ.' అత్తగారు సుత్తి ఆపి 'అదేటి రాత?' అంది. లోపల్నుంచి వెంటనే, 'సెదలు పట్నేదు అని కూడా రాయి.'

మూడువందల పేజీల్లో ఆ చొక్కాకి సరితూగే వాక్యం నాకు దొరకలేదు. అత్తగారి చెవిన పడుతూనే మొగుడికి చేరాల్సిన మాట అది. ఆ ఇల్లాలికి చెదల్ని అడ్డం పెట్టుకోవడం తెలుసు. మన రచయితకి అడ్డమే లేదు, అతని నాయిక నేరుగా కవిత్వం చెప్పేస్తుంది. పైగా ఆ ఇంట్లో ఎవరికీ చెవులే లేనట్టు ఉంటుంది.

అటునుంచి వచ్చే ఉత్తరాల్లోనూ ఒక సంగతి ఉండేది. జవాను తనెక్కడున్నాడో రాయకూడదు. చిరునామాలో కేరాఫ్ 56 ఏపీవో అనో, 99 ఏపీవో అనో ఉంటుంది, అంతే. ఏపీవో అంటే మిలటరీ పోస్టాఫీసు. పడమటి వైపు వాళ్ళకి 56, తూర్పు వాళ్ళకి 99. 1971 చివర్లో 56తో వచ్చే ఉత్తరం ఒకటి 99తో వచ్చిందంటే, ఊళ్ళో చదువుకున్న కుర్రాళ్ళకి అర్థమైపోయేది. ఎవరూ ఆ ఇంట్లో చెప్పేవారు కాదు. ఆ రెండంకెల తేడాలో ఎంత భయం ఉందో! మన నవలలో కథానాయకుడు మేం ఢాకా మీదికి పోతున్నామని ఇన్లాండులో హాయిగా రాసి పడేస్తాడు. శత్రువు వేగులకి ఇంత తేలిగ్గా పని జరిగిపోయిన యుద్ధం ఇంకోటి ఉండదు.

ఆ ఢాకా దారిలోనే అతనికి మంచు కురుస్తుంది. అవునండి, మంచు. ఆఖరి ఉత్తరంలో చేతులు కొంకర్లు పోతున్నాయి, తెల్లటి శిఖరాలు, మంచు మీద నెత్తురు చుక్కలు. యుద్ధమంటే మంచుకొండలని సినిమాల్లో చూశాం కాబట్టి మంచు పడిపోయింది. తూర్పు బెంగాల్లో డిసెంబరు అంటే ఏమిటో ఒక్కసారి అట్లాసు తీసి చూసుంటే, అతని నవల అక్కడ లేచి నిలబడేది. ఏళ్ళు, కాలవలు, చిత్తడి. అక్కడ అమన్ వరి కోతకొచ్చేది నవంబరు డిసెంబరుల్లోనే, సరిగ్గా మా కోతల వేళకే. ఉద్దానం రైతు కొడుకు ఒకడు తుపాకీ పట్టుకుని పండిన వరిచేలల్లోంచి నడుస్తున్నాడు. గింజ రాలిపోతోంది, కోసేవాళ్ళు లేరు, ఊరొదిలి పారిపోయారు. అదే వారం ఇక్కడ అతని పొలం కోస్తున్నారు. ఆ కుర్రాడి చెయ్యి ఒక్క కంకిని తాకి చూడకుండా ఉంటుందా? ఆ చేను తొక్కుకుంటూ పోవడానికి అతనికి ఎలా ఉంటుంది? ఇది ఊహించడానికి యుద్ధం చూసి ఉండక్కర్లేదు, వ్యవసాయం తెలిస్తే చాలు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒక్కరికైనా ఢాకాలో మంచేమిటి నాయనా అని అడగాలనిపించలేదా?

అంతదూరం కూడా పోనక్కర్లేదు, యుద్ధం మా గుమ్మం ముందుకే వచ్చింది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. కోస్తా అంతా దీపాలార్పేశారు. ఇది నవలలో లేదు.

మరొకటి కూడా లేదు, అది ఇంకా పెద్దది. 1971లో ఉద్దానం పల్లె అంటున్నాడు. 1967 అక్టోబరు 31న మన్యంలో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజన రైతులు భూస్వాముల తుపాకీకి బలైన నాటి నుంచి ఈ జిల్లా జిల్లాలా లేదు. 1970 జూలై 10న శ్రీకాకుళ గిరిజన పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయారు. కొండల్లో మొదలైంది ఉద్దానం దాకా వచ్చింది. నా తపాలా సంచీ పోలీసు క్యాంపు దగ్గర విప్పి చూపించి కదిలిన రోజులవి. ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరిలో ఒకడు మిలటరీకి పోయాడు, ఒకడు అడివికి పోయాడు. ఒకడి తల్లి పేరున మనీయార్డరొచ్చేది. రెండోవాడి తల్లి ఆ పక్క గుమ్మంలోంచి నన్ను చూసేది, ఏదైనా ఉందా అని అడిగేది కాదు. ఎవరి కొడుకు చావుని ఊరంతా చెప్పుకోవచ్చు, ఎవరిది గుసగుసగా చెప్పుకోవాలి అన్న ప్రశ్న మా వీధుల్లో తిరిగింది. మీ బహుమతి నవల కథాస్థలం సరిగ్గా ఆ ఊళ్ళే, ఆ ఏడే. అందులో పోలీసు టోపీ ఒక్కటి కనపడదు. రాజకీయం వద్దనుకున్నాడేమో, అది అతనిష్టం. కానీ పక్కింట్లో మోగుతున్న ఏడుపు వినపడని వాణ్ణి దుఃఖం రాయగలవాడని ఎలా నమ్మమంటారు?

ఇక దుఃఖం. మీ సభలో దాదాపు అందరూ పొగిడింది శవపేటిక ఘట్టం. పూలతో అలంకరించిన మిలటరీ ట్రక్కు, బిగిల్, మడిచిన జెండా ఆమె చేతికివ్వడం. అది 1999లో కార్గిల్ నుంచి మనం టీవీలో చూస్తున్న దృశ్యం. అంతకుముందు యుద్ధాల్లో మామూలుగా జవాన్ల అంత్యక్రియలు అక్కడే, యుద్ధభూమి దగ్గర్లోనే అయిపోయేవి. ఇంటికొచ్చేది టెలిగ్రాం. కొన్నాళ్ళకి సామాను.

దీన్ని తేదీల తప్పుగా చూడకండి. శవం రాకపోవడమే ఆ కాలపు దుఃఖం. శవం రాని ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఏమిటో తెలుసా? దినం ఎప్పట్నుంచి లెక్కపెట్టాలి. పోయిన రోజు నుంచా, టెలిగ్రాం ముట్టిన రోజు నుంచా? టెలిగ్రాంలో తేదీ ఒకటి, మనకి తెలిసింది ఇంకెప్పుడో. దహనం చెయ్యడానికి ఏమీ లేదు కాబట్టి దర్భలతో మనిషిని చెయ్యాలని పంతులుగారు అంటారు, అంత ఖర్చెందుకని ఒకడంటాడు. తల్లి అసలు ఒప్పుకోదు. కాగితంముక్క చూసి నా కొడుక్కి నిప్పెట్టమంటారేటి, ఆడొస్తాడు, ఆళ్ళు పేరు తప్పుగా రాసుంటారు అంటుంది. ఆ ఆశ ఏళ్ళ తరబడి ఉంటుంది. వీధిలో మిలటరీ బూట్ల చప్పుడైతే ఇంట్లో అందరూ ఒకేసారి తలెత్తుతారు. ఇదీ శవం రాని చావు. రచయిత ఒక పెట్టె తెచ్చి గుమ్మంలో దించి ఈ మొత్తాన్ని చెరిపేశాడు. పెట్టె వస్తే ఏడుపు సులువు.

పైగా డిసెంబరు. కోసిన వరి కళ్ళంలో కుప్పేసి ఉంది. మబ్బు పడితే ఏడాది తిండి పోయినట్టే. టెలిగ్రాం అందిన మర్నాడు ఆ ఇంటి ఆడమనుషులు కళ్ళంలో ఉండటం నేను చూశాను. నూర్పుతూ ఏడిచారు, తూర్పారపడుతూ ఏడిచారు. ఏటి ఒడ్డున నూరు పేజీల సేపు కూర్చోడానికి ఏ ఇంటి కోడలికి వీలవుతుందండి? ఎవరు కూర్చోనిస్తారు?

సామాను వచ్చిన రోజు గురించి కొంచెం చెప్తాను. నల్ల ట్రంకుపెట్టె, మూత మీద తెల్ల రంగుతో నంబరు, పేరు. లోపల రెండు జతల బట్టలు, గెడ్డం గీసుకునే సామాను, ఒక దేవుడి పటం, తాడుతో కట్టిన ఉత్తరాల కట్ట. అన్నీ నా చేతిరాతే. ఇంటివాళ్ళు చదివిపెట్టమని నన్ను పిలిచారు. నేను రాసినవే నేను చదవాలి. రెండు చదివేసరికి మామగారు చాలన్నారు. అప్పుడా కోడలు తలుపు చాటునుంచి ఇవతలికొచ్చి, ఆ ఇంట్లో అంతమంది ముందు ఆమె రావడం నేను చూడటం అదే మొదలు, 'సొక్కా ఉత్తరం ఏది?' అని అడిగింది. తీసిచ్చాను. బొడ్లో దోపుకుని లోపలికి పోయింది. అత్తగారు ఏడ్చింది. ట్రంకు తాళంచెవి ఎవరి దగ్గరుండాలి అన్న మాట ఆ సాయంత్రమే లేచింది. ఏడుపూ తాళంచెవీ ఒకే అరుగు మీద ఉంటాయి. మీరు మెచ్చిన పుస్తకంలో ఏడుపు ఒక్కటే ఉంది.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం దగ్గరికొస్తాను. ముగింపు.

మరిది పెళ్ళాడటాన్ని మీ ప్రశంసాపత్రంలో సాహసమన్నారు, కాలం కన్నా ముందు చూపన్నారు. మా ఊళ్ళల్లో చాలా కులాల్లో మారుమనువు అనాదిగా ఉన్నదే. అదలా ఉంచండి. అప్పటి సైనిక పింఛను నిబంధనల్లో ఒక షరతుండేది. జవాను భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ పింఛను ఆగిపోతుంది. ఒక్క మినహాయింపు ఉంది. చనిపోయినవాడి సొంత తమ్ముణ్ణో అన్ననో చేసుకుని, ఆ ఇంటివాళ్ళతో కలిసి ఉంటే పింఛను సాగుతుంది. శౌర్య పతకాలకిచ్చే భత్యం విషయంలో అయితే, భర్త అన్నదమ్ముల్నే చేసుకోవాలన్న షరతు 2017లో గానీ పోలేదు.

ఈ ఒక్క ముక్క తెలిస్తే మీ సాహసోపేతమైన ముగింపు ఎలా కనిపిస్తుందో చూడండి. పింఛను గడప దాటకూడదు. అంటే కోడలు గడప దాటకూడదు. పెద్దలు కూర్చుంటారు, మరిది పెళ్ళీడుకొచ్చాడు కదా అంటారు, పరాయివాణ్ణెందుకు అంటారు, పిల్లాడికి బాబాయే తండ్రవుతాడంటారు. అలహాబాదు పింఛను ఆఫీసు నుంచి వచ్చే కాగితం గురించి మాత్రం ఎవరూ పైకి అనరు. అందరికీ తెలుసు.

ఒప్పుకోని ఆడవాళ్ళని చూశాను. ఒకావిడ అత్తారింటికి వచ్చేటప్పటికి మరిదికి అయిదేళ్ళు. ఆవిడ నాతో అన్న మాట: 'సంకనేసుకుని పెంచినాను బావూ. ఆడికి తలంటి పోసినాను. ఆడ్ని మొగుడనీసి ఎలగ సూడమంటావు?' చేసుకోలేదు. కానీ చేసుకోలేదని ఎప్పటికప్పుడు కాగితం రాసివ్వాలి. బతికే ఉన్నానని ఒకటి, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని ఒకటి. ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు, కింద ఆవిడ వేలిముద్ర. ఇరవై రెండేళ్ళ మనిషి తెల్లచీర కట్టుకుని వచ్చి, నలుగురు మగాళ్ళు నిలబడ్డ వరండాలో, నాకు మొగుడు లేడు అని సిరాలో వేలు ముంచి చెప్పేది. ఆ పక్కనే నిలబడ్డ ఒక పెద్దమనిషి సంతకం పెడుతూ వేళాకోళం ఆడేవాడు. ఆవిడ వేలు తుడుచుకోడానికి గోడ వెతుక్కునేది. ప్రేమ, దుఃఖం, యుద్ధం మూడూ ఒక్క కాగితం మీదికి వచ్చిన చోటు అది. నవలాకారుడికి ఇంతకన్నా ఏం కావాలి?

పోనీ, చేసుకున్నవాళ్ళ కథే రాయనివ్వండి, తప్పులేదు. మరిదీ వదినా నిజంగానే ఒకరికొకరు ఇష్టపడ్డారనే అనుకుందాం. ఆ మర్నాటి నుంచి ఆమెకి ఒక అనుమానం ఉండదూ? వీడు నన్ను చేసుకున్నాడా, అన్న పింఛన్ని చేసుకున్నాడా? అతనికీ ఉంటుంది, ఇది నాతో ఉంటోందా, డబ్బు పోకుండా ఉంటోందా అని. తనకే తెలీదు ఒక్కోసారి. నెలనెలా డబ్బు లెక్కపెట్టుకునేటప్పుడు చచ్చిపోయినవాడు వాళ్ళిద్దరి మధ్యా వచ్చి కూర్చుంటాడు. ఆ అనుమానంతో ముప్ఫై ఏళ్ళ కాపురం రాసుంటే అది నవల. ఇక్కడ కొబ్బరాకులు ఊగి దీవించేశాయి.

ఇంత తిడుతున్నాను గదా, అబ్బాయికి రాయడం రాదని నేననడం లేదు. తొమ్మిదో అధ్యాయంలో అత్తగారు జీడిపిక్కలు కొట్టే దృశ్యం ఒకటుంది. జీడి చమురుకి వేళ్ళు నల్లగా బొబ్బలెక్కి ఉంటాయి. లెక్కలు రాసుకునే సర్కారు మనిషి వచ్చి కొడుకులెంతమందమ్మా అని అడుగుతాడు. ఆవిడ పిక్కలు లెక్కపెడుతూ పెడుతూ ఆ అంకె దగ్గర ఆగిపోయి, మళ్ళీ మొదటి నుంచి పిక్కలు లెక్క మొదలెడుతుంది. జవాబు చెప్పదు. రెండే పేజీలు. నేను పుస్తకం మూసి కాసేపు అటూ ఇటూ తిరిగాను. ఆ రెండు పేజీలు రాసినవాడు మిగతా మూడువందలూ రాయగలడు. ఆ మాట అతనికి ఎవరు చెప్పాలి? మీరు. చెప్పారా? శవపేటిక ఘట్టం చదువుతూ కన్నీళ్ళు పెట్టుకున్నామని చెప్పారు. ఇక రెండో నవలలో అతను ఏం రాస్తాడు? ఇంకో శవపేటిక రాస్తాడు, ఇంకాస్త పెద్దది.

ఇలా ఎందుకు జరిగిందో నేను సభలోనే చూశాను. మొదట అమరవీరులకి రెండు నిమిషాలు మౌనం. తర్వాత దేశభక్తి గీతం. తర్వాత పుస్తక పరిచయం. ఆ వరసలో కూర్చోబెట్టాక ఏ మనిషి లేచి ఈ పుస్తకంలో బలం లేదండీ అంటాడు? అంటే జవాన్ల త్యాగాన్ని కించపరిచినట్టే. జెండా కప్పాక వేలెత్తి చూపించేదెవరు? మీరు నవలకి జెండా కప్పారు, దాని కిందనుంచి దాన్ని ఇంక ఎవరూ లేపి చూడరు. త్యాగం ఆ కుర్రాళ్ళది. దాని గౌరవం పుస్తకానికి అప్పివ్వడానికి మీకెవరిచ్చారు అధికారం? కొడుకుల్ని పోగొట్టుకున్న ఇళ్ళవాళ్ళు ఆ సభలో ముందు వరసలో కూర్చున్నారు, శాలువాలు కప్పించుకున్నారు. వాళ్ళలో ఒకాయన నా పక్కకొచ్చి టీ తాగుతూ, మా ఇంట్లో ఇలగ జరగనేదండి అని నెమ్మదిగా అన్నారు. ఆయన్ని వేదిక మీద మాట్లాడమని ఎవరూ అడగలేదు.

నవలకి నిజాలతో పనేంటి, అది కల్పన కదా అని మీలో ఒకరు అంటారని నాకు తెలుసు. కల్పించమనండి. జరగనిది కల్పించమనండి. కానీ అతను ఏదీ కల్పించలేదే! మంచు సినిమాది, పెట్టె టీవీది, ఉత్తరాలు పాత వారపత్రికల సీరియళ్ళవి. ఇతర్ల దగ్గర తెచ్చుకున్నవాటిని వరసగా పేర్చాడు. జీడిపిక్కల రెండు పేజీలే అతని సొంత కల్పన.

బహుమతి వెనక్కి తీసుకోమని అడగను, ఇచ్చింది ఇచ్చారు. వచ్చే ఏటి పోటీకి మాత్రం న్యాయనిర్ణేతలు ప్రతి ఒక్కరూ విడివిడిగా, ఈ నవల ఎందుకు ఎంచుకున్నారో, దాంట్లో ఏం లోపం కనిపించిందో నాలుగు పేరాలు రాసి అచ్చువెయ్యండి. లోపం రాయని న్యాయనిర్ణేత చదవలేదని మేం అనుకుంటాం. అలాగే, బహుమతి ప్రకటించాక అచ్చుకి ముందు రచయితకి ఆర్నెల్లు గడువివ్వండి. శ్రీకాకుళంలో కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, 1997లో పెట్టిన కథల గ్రంథాలయం కథానిలయం ఉంది, అక్కడ పాత పత్రికలు దొంతర్లుగా ఉన్నాయి. 1971, 72 సంచికలు తీసి ఒక వారం చదువుకుంటే ఆ రోజుల్లో మనుషులు ఎలా మాట్లాడుకున్నారో, దేనికి భయపడ్డారో తెలుస్తుంది. యుద్ధ వితంతువులు ఇంకా బతికే ఉన్నారు, ఎనభైల్లోకి వస్తున్నారు. వాళ్ళ దగ్గరికి ఇంటర్వ్యూ అని కెమెరా పట్టుకుని వెళ్ళొద్దని చెప్పండి. నవంబరులో పింఛను కాగితాల పని ఉంటుంది, అందులో సాయానికి వెళ్తే వాళ్ళే మాట్లాడతారు.

రెండో ముద్రణకి వెళ్తోందని విన్నాను. పిన్ కోడు, ఎమ్మార్వో, ఊడ్పులు, మంచు, ఇవైనా ఈలోగా తీయించండి. అట్ట వెనక మాట కూడా. ముగింపు సంగతి మీరూ ఆ అబ్బాయీ కూర్చుని మాట్లాడుకోవాలి, అది నేను చెప్తే అయ్యేది కాదు. ప్రూఫులు చూడటానికి మనిషి కావాలంటే పంపండి, కళ్ళజోడు మొన్ననే మార్చాను. డబ్బులేం ఇవ్వక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత సబ్ పోస్టుమాస్టరు
పలాస-కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా